అంగీకరించని గురువు: అంబేద్కర్ పరిశోధక జీవితంలో కొన్ని పుటలు

మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో అట్టలు కట్టి, వెన్నుమీద బంగారు అక్షరాలు అద్ది పేర్చిన సిద్ధాంత గ్రంథాలను ఎప్పుడైనా తీసి చూడండి. మొదటి పుటల్లో కృతజ్ఞతలుంటాయి. గైడుగారి పాదపద్మాలు, వారి అపార కరుణ, వారు చూపిన వెలుగుబాట అన్నీ అక్కడ చోటు చేసుకుంటాయి. ఆ తర్వాతి నాలుగు వందల పుటల్లో గైడుగారి అభిప్రాయాన్ని కాదన్న వాక్యం ఒక్కటైనా దొరకడం అరుదు. గ్రంథం అచ్చయితే గైడుగారు ముందుమాట రాస్తారు. అందులో శిష్యుడి వినయం గురించి ఒక పేరా, తన పర్యవేక్షణ గురించి రెండు పేరాలు ఉంటాయి. శిష్యుడు ఏం కనుక్కున్నాడో, ఎక్కడ పొరబడ్డాడో ఆ ముందుమాట చదివి తెలుసుకోవడం కష్టం.

ఈ అలవాటుకు పూర్తిగా భిన్నమైన ముందుమాట ఒకటి 1923లో లండన్‌లో వెలువడింది. పుస్తకం పేరు 'రూపాయి సమస్య: పుట్టుక, పరిష్కారం'. ప్రచురించినది పి.ఎస్. కింగ్ అండ్ సన్ సంస్థ. రచయిత భీమరావ్ రాంజీ అంబేద్కర్. ముందుమాట రాసినవాడు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆచార్యుడు ఎడ్విన్ కానన్, అంటే అంబేద్కర్ గైడు. ఆ ముందుమాట మొదట్లోనే కానన్ తన శిష్యుడితో తనకున్న విభేదాన్ని చాటి చెబుతాడు. 1893లో రూపాయిని బంగారంతో ఒక స్థిరమైన నిష్పత్తిలో నిలపవచ్చునని నమ్మిన కొద్దిమంది ఆర్థికవేత్తల్లో తానొకణ్ణనీ, ఆ విధానం మీద అంబేద్కర్‌కున్న వ్యతిరేకత తనకు లేదనీ, ఆయన వాదాల్లో ఎక్కువ భాగాన్ని తాను ఒప్పుకోననీ రాస్తాడు. అయితే కొన్ని విషయాల్లో శిష్యుడి దెబ్బ సూటిగా తగిలిందనీ, పూర్తిగా తప్పనిపించిన చోట కూడా ఆ ఆలోచనలో కొత్తదనం తనను కదిలించిందనీ అంటాడు. చివరికి ఆచరణకు సంబంధించిన నిర్ణయంలో శిష్యుడిదే సరి కావచ్చునని తేలుస్తాడు. బంగారు వినిమయ ప్రమాణం చవకే కావచ్చు, కాని దాన్ని అర్థం చేసుకునే పాలకులు ఎంతమంది అన్నది ఆయన ప్రశ్న.

వాదాన్ని ఒప్పుకోని గురువు పుస్తకాన్ని ఒప్పుకున్నాడు. ఒప్పుకోలేదన్న సంగతిని దాచనూ లేదు. శిష్యుడు ఆ ముందుమాటను తన పుస్తకం తొలి పుటల్లోనే అచ్చువేయించుకున్నాడు. పరిశోధక విద్యార్థి స్వతంత్ర పరిశోధకుడిగా ఎదగడమంటే ఏమిటో ఈ చిన్న సంఘటనలో ఉందని నా ఉద్దేశం. అయితే దీన్ని ఇద్దరు మంచి మనుషుల కథగా చెప్పి ఊరుకుంటే సరిపోదు. దీని వెనుక ఒక విద్యా సంప్రదాయం ఉంది, ఒక సామ్రాజ్యం ఉంది, ఒక కులవ్యవస్థ ఉంది.

ముందు సంప్రదాయం సంగతి చూద్దాం. గురువు పాఠం చెబితే శిష్యుడు అప్పజెప్పే పద్ధతికి బదులు, గురువు ఎదుట శిష్యుడే తన పనిని చదివి వినిపించి, అందరి విమర్శకూ నిలబెట్టే పద్ధతి జర్మనీలో పెరిగింది. దాని పేరు సెమినార్. ప్రాచీన భాషల అధ్యయనంలో పుట్టిన ఈ పద్ధతిని 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బెర్లిన్‌లో రాంకే చరిత్రకు పట్టించాడు. శిష్యులు మూల పత్రాలను ముందు పెట్టుకుని, ఏది నమ్మదగినది, ఏది కాదు అని వాదించుకునేవారు. ప్రయోగశాలలో అదే పని 1824 తర్వాత గీసెన్‌లో లీబిగ్ చేశాడు. గైడును 'డాక్టర్ తండ్రి' అని పిలిచే జర్మన్ మాట ఈ సంప్రదాయంలోదే. తండ్రి అనడంలో ఆదరణ ఎంత ఉందో పెత్తనమూ అంతే ఉంది. ఈ మాట మనకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మన గైడుల్లోనూ రెండు రకాల తండ్రులూ ఉన్నారు.

జర్మనీ వెళ్ళి చదువుకున్న అమెరికన్లు ఈ పద్ధతిని తమ దేశానికి తెచ్చుకున్నారు. 1876లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, 1880లో కొలంబియాలో రాజనీతి శాస్త్ర విభాగం ఆ నమూనా మీదనే ఏర్పడ్డాయి. ఇంగ్లండు మాత్రం వెనకబడింది. ఆక్స్‌ఫర్డు పరిశోధనకు డాక్టరేటు ఇచ్చే నియమాలు చేసుకున్నది 1917లో. ఇక మన దేశంలో 1857లో స్థాపించిన మూడు విశ్వవిద్యాలయాలు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయాలుగానే మొదలయ్యాయి. వలస ప్రభుత్వానికి కావలసింది గుమాస్తాలు, ప్లీడర్లు. ప్రశ్న వేసేవాడితో దానికి పనిలేదు. కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కే అలవాటు మన విద్యలో ఇంతగా పాతుకుపోవడానికి ప్రాచీన గురుకులాన్ని మాత్రమే నిందిస్తే చాలదు, ఈ వలస పునాదిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బొంబాయిలో ఆ రకం పట్టానే పుచ్చుకున్న 22 ఏళ్ళ యువకుడు 1913 జూలైలో న్యూయార్కులో దిగాడు. బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన ఉపకారవేతనం నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్ళకు. ప్రతిగా చదువు పూర్తయ్యాక పదేళ్ళు బరోడాలో కొలువు చేస్తానని ఒప్పందం రాసిచ్చాడు. కొలంబియాలో ఆయన తీసుకున్న పాఠ్యాంశాల జాబితా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3, పైగా ఫ్రెంచి, జర్మన్ ఒక్కొక్కటి. పట్టాకు ఇన్ని అక్కర్లేదు. తలుపులు తెరిచి ఉన్న ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టినవాడి ఆకలి అది. జాన్ డ్యూయీ తత్వశాస్త్రం చెబుతున్నాడు. జేమ్స్ హార్వీ రాబిన్సన్ చరిత్ర చెబుతున్నాడు. అర్థశాస్త్రంలో గురువు ఎడ్విన్ సెలిగ్మన్.

సెలిగ్మన్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. న్యూయార్కులో పేరుమోసిన బ్యాంకరు కొడుకు. జర్మనీలో చదువుకుని వచ్చి కొలంబియాలో డాక్టరేటు తీసుకున్నాడు. పన్నుల శాస్త్రంలో ఆనాటి ప్రముఖుల్లో ఒకడు. చరిత్రకు ఆర్థిక వ్యాఖ్యానం అనే విషయం మీద 1902లో పుస్తకం రాశాడు. మార్క్స్‌ను పూర్తిగా అంగీకరించకపోయినా, ఆయన ప్రతిపాదనను గౌరవంగా చర్చించిన అమెరికన్ ఆచార్యుడు. ఇంకొక సంగతి ఉంది. 1877లో ఆయన తండ్రి జోసెఫ్ సెలిగ్మన్ కుటుంబంతో సారటోగాలో ఒక పెద్ద హోటలుకు వెళ్తే, యూదులకు చోటు లేదని తిప్పి పంపారు. అంత డబ్బున్నవాడికీ ఆ అవమానం తప్పలేదు. దేశమంతా దాని గురించి చెప్పుకున్నది. అప్పుడు కొడుకు వయసు 16. అంబేద్కర్ పట్ల సెలిగ్మన్ ఆదరణకు ఈ అనుభవమే కారణమని నేను రాయబోవడం లేదు. అలా రాయడానికి ఆధారం లేదు. కాని సత్రం తలుపు మొహం మీద మూసుకోవడమంటే ఏమిటో ఆ గురువుకు ఇంట్లోనే తెలుసునన్నది మాత్రం మరచిపోలేము.

ధనంజయ్ కీర్ రాసిన అంబేద్కర్ జీవిత చరిత్రలో ఒక చిన్న ముచ్చట ఉంది. పరిశోధనకు ఏ పద్ధతి అనుసరించాలని అంబేద్కర్ అడిగితే, నీ పని నువ్వు శ్రద్ధగా చేసుకుంటూ పో, నీ పద్ధతి నీకే ఏర్పడుతుంది అన్న అర్థంలో సెలిగ్మన్ సమాధానం చెప్పాడట. దీన్ని చదివి మన గైడుల్లో కొందరు సంతోషించవచ్చు. 'నేనూ అదే అంటాను, నీ చావు నువ్వు చావమంటాను' అని. రెండూ ఒకటి కావు. సెలిగ్మన్ ఆ మాట అన్నది తరగతి తర్వాత తరగతి తన వెంట తిరిగిన విద్యార్థితో, వారం వారం చర్చ జరిగే సెమినార్ నడుస్తున్న చోట, మూల పత్రాలు దొరికే గ్రంథాలయం పక్కన. అక్కడ స్వేచ్ఛకు ఆసరా ఉంది. ఏ ఆసరా ఇవ్వకుండా స్వేచ్ఛ ఇచ్చానని చెప్పుకోవడం గైడు బద్ధకానికి పెట్టుకున్న మర్యాదపేరు.

ఆ ఆసరాతో వచ్చిన ఫలితం 1916 మే 9న కనిపించింది. మానవశాస్త్రవేత్త గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో అంబేద్కర్ 'భారతదేశంలో కులాలు' అనే పత్రం చదివాడు. వయసు 25. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ వంటి అప్పటి ప్రామాణికుల నిర్వచనాలను ఒక్కొక్కటే తీసుకుని, వాటి లోటు చూపి, కులానికి ప్రాణం స్వకుల వివాహమేనని వాదించాడు. తన కులంలోనే పెళ్ళి అన్న నియమం నిలబడాలంటే మిగిలిపోయిన స్త్రీలనూ పురుషులనూ సమాజం ఏం చేయాలి అన్న ప్రశ్న నుంచి సతి, నిర్బంధ వైధవ్యం, బాల్య వివాహం అన్నవాటిని వివరించాడు. మరుసటి ఏడాది అది 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో అచ్చయింది. బొంబాయిలో ప్రశ్నపత్రానికి జవాబులు రాసినవాడు మూడేళ్ళలో ప్రామాణికులకే ప్రశ్నలు వేసే స్థితికి వచ్చాడు. ఆయన ప్రతిభ గొప్పదే, సందేహం లేదు. కాని ఆ ప్రతిభ బొంబాయిలోనూ ఉన్నదే కదా.

1916లోనే ఆయన లండన్ వెళ్ళాడు. సెలిగ్మన్ అక్కడి ఆచార్యుడు ఫాక్స్‌వెల్‌కు ఉత్తరం రాసి పరిచయం చేశాడు. గైడు చేయవలసిన పనుల్లో ఇది చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఊరుకాని ఊళ్ళో, చుట్టం పక్కం లేని చోట, అగ్రకుల పలుకుబడి వెనుక లేని విద్యార్థికి ఒక ఉత్తరం ఎంత విలువైనదో అనుభవించినవారికే తెలుస్తుంది. పెద్దింటి పిల్లలకు ఆ ఉత్తరాలు వారి ఇంటిపేర్లలోనే ఉంటాయి.

అక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. 1917లో ఉపకారవేతనం గడువు ముగిసింది. చదువు సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. నాలుగేళ్ళలోగా వచ్చి కొనసాగించుకోవచ్చునని లండన్ విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. అది యుద్ధకాలం. ఆయన సామాను వేసిన ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. కొలంబియాకు రాసిన సిద్ధాంత వ్యాసపు రాతప్రతి పోయిందని 1922 ఫిబ్రవరిలో సెలిగ్మన్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత బరోడా. అక్కడ జరిగింది మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కొలంబియా చదువు చదివి వచ్చిన అధికారికి ఊళ్ళో ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడినుంచీ వెళ్ళగొట్టారు. సెలిగ్మన్ ఉత్తరం లండన్‌లో తలుపు తెరిచింది. బరోడాలో మహారాజు ఆజ్ఞ కూడా తెరవలేకపోయింది.

బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో 1918 నవంబరు నుంచి రెండేళ్ళకు తక్కువగా పాఠాలు చెప్పి, జీతంలో కూడబెట్టి, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయంతో, మిత్రుడు నవల్ భాతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పుతో ఆయన 1920లో మళ్ళీ లండన్ చేరాడు. ఆ నవంబరులో ఫాక్స్‌వెల్ స్కూలు కార్యదర్శికి రాసిన చీటీ ఒకటి ఉంది. ఇతనికి ఇప్పటికే డాక్టరేటు ఉన్నది, ఇక్కడ ఇతను జయించవలసిన లోకాలేమీ మిగల్లేదు అన్నది దాని సారాంశం. ఫాక్స్‌వెల్ లెక్క తప్పింది. 1921 జూన్‌లో అంబేద్కర్ ఎమ్.ఎస్సి. పూర్తి చేశాడు. పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరంలో చేరడం, మూసేదాకా కూర్చోవడం, రాత్రి ఆకలేస్తే ఎవరో ఇచ్చిన అప్పడాలతో సరిపెట్టుకోవడం. ఇదంతా ఇప్పుడు స్ఫూర్తిదాయకమైన కథగా చెబుతుంటారు. నాకు మాత్రం పరిశోధకుడు పస్తులుండడంలో స్ఫూర్తి కనపడదు.

ఈ దశలోనే కానన్ ఆయనకు గైడు. సెలిగ్మన్ పుట్టిన 1861లోనే పుట్టినవాడు. ఆడమ్ స్మిత్ మహాగ్రంథానికి 1904లో శ్రద్ధగా పరిష్కరించిన ప్రతిని తెచ్చినవాడు. పదాల వాడుకలో అలసత్వాన్ని సహించనివాడు. రూపాయి మీద అంబేద్కర్ వాదం ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. ప్రభుత్వం రూపాయి విదేశీ మారకపు ధరను నిలబెట్టడమే లక్ష్యంగా పెట్టుకుంది. అది తప్పు, దేశంలో రూపాయి కొనుగోలు శక్తి నిలబడటం అసలు ముఖ్యం అన్నాడు అంబేద్కర్. ఇష్టం వచ్చినన్ని రూపాయలు ముద్రించే అధికారం ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ధరలు పెరుగుతాయి. ఆ బరువు మోసేది కూలి మీద బతికేవాడు. కాబట్టి టంకశాలలో రూపాయల ముద్రణకు గట్టి పరిమితి ఉండాలి, బంగారం ప్రమాణం కావాలి. 1913లో కీన్స్ భారత కరెన్సీ మీద రాసిన పుస్తకం సమర్థించిన విధానాన్నే ఇది ఢీకొన్నది. 1893 నాటి తన నమ్మకాన్ని కూడా ఇది కొట్టివేస్తున్నదని కానన్‌కు తెలియకపోలేదు.

తన జీవితకాలపు అభిప్రాయాన్ని తప్పు పడుతున్న సిద్ధాంత వ్యాసాన్ని వాక్యం వాక్యం చదివి, దానిలో వాదం ఎక్కడ జారుతున్నదో చూపి, దాన్ని మరింత బలంగా చేయించడం! పర్యవేక్షణలో కఠినమైన పరీక్ష ఇదే. మెచ్చుకోవడం తేలిక, అడ్డుకోవడం ఇంకా తేలిక. శిష్యుడి వాదం తనకు వ్యతిరేకంగా పదును తేలడానికి తన చదువునంతా వెచ్చించడం చాలా కష్టం.

1922 అక్టోబరులో సమర్పించిన ఆ వ్యాసాన్ని 1923 మార్చిలో పరీక్షకులు ఆమోదించలేదు. సామ్రాజ్య వ్యతిరేకత మరీ ఘాటుగా ఉన్నదని తిప్పి పంపారని ఒక కథనం బలంగా ప్రచారంలో ఉంది. లండన్ స్కూలులో ఉన్న ఆయన విద్యార్థి దస్త్రంలో మాత్రం ఆ కారణం కనబడదని ఆ సంస్థవారు చెబుతున్నారు. ఘాటైన వ్యాసమే, అందులో సందేహం లేదు. కాని కాగితం మీద లేని కారణాన్ని మనం రాయవద్దు. అంబేద్కర్ అభిమానులు కొందరు ఆయన వ్యాసమే రిజర్వు బ్యాంకుకు పుట్టుకనిచ్చిందని కూడా అంటుంటారు. నిజానికి 1925 డిసెంబరు 15న ఆయన భారత కరెన్సీ మీద నియమించిన రాయల్ కమిషన్ ఎదుట సాక్ష్యం చెప్పాడు. గైడు గదిలో పదునుదేలిన వాదం రెండేళ్ళలో సామ్రాజ్యపు విచారణ సంఘం ముందు నిలబడింది. ఇంతకన్నా అతిశయోక్తి దేనికి? డబ్బయిపోయి ఆయన బొంబాయి తిరిగి వచ్చి, ఇక్కడినుంచే సవరించిన ప్రతిని ఆగస్టులో పంపాడు. నవంబరులో ఆమోదం వచ్చింది.

కొలంబియా డాక్టరేటుకు ఇంకా చాలా కాలం పట్టింది. వ్యాసాన్ని అచ్చువేసి ప్రతులు సమర్పిస్తేగాని అక్కడ పట్టా చేతికి రాదు. అచ్చుకు డబ్బు కావాలి. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద ఆ పుస్తకం 1925లో వెలువడింది, పట్టా 1927లో వచ్చింది. న్యూయార్కులో అడుగుపెట్టిన పద్నాలుగేళ్ళకు! దానికి ముందుమాట రాసినవాడు సెలిగ్మన్. అన్నేళ్ళూ ఆ గురువు తలుపు మూయలేదు. తనకు తెలిసినంతలో ఈ విషయపు మూలసూత్రాలను ఇంత వివరంగా మరెవరూ పరిశీలించలేదని ఆయన రాశాడు.

ఇక్కడ ఒక మాట నిష్ఠురంగా చెప్పుకోవాలి. ఇద్దరు ఉత్తమ గురువులు దొరికినా, ఉపకారవేతనం ఆగినరోజు అంబేద్కర్ చదువు ఆగిపోయింది. గురువు మంచితనం నెలజీతానికి బదులు కాదు. ఇది వందేళ్ళనాటి సంగతి మాత్రమే అయితే బాగుండేది. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, గుంటూరు నుంచి వచ్చినవాడు, హాస్టలు నుంచి బహిష్కృతుడైనవాడు, తన చివరి ఉత్తరంలో కూడా తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి రాసిపెట్టి పోయాడు. మొత్తం లక్షా డెబ్బై అయిదు వేలు. అందులోనుంచి తీర్చవలసిన అప్పు వివరం కూడా రాశాడు. 2022 నాటి యు.జి.సి. నిబంధనలు ఒక ప్రొఫెసరు ఎనిమిది మందికి మించి పరిశోధకులను తీసుకోరాదంటున్నాయి. ఆర్నెల్లకొకసారి సలహా సంఘం ఎదుట పని చూపాలంటున్నాయి. మంచిదే. కాని ఎనిమిది మందిలో ఎవరి ఫెలోషిప్ ఆగిందో, ఎవరికి తల దాచుకునే చోటు లేదో అడగవలసిన బాధ్యత గైడుకు ఉందని ఏ నిబంధనలోనూ రాసి ఉండదు.

మన సాహిత్య విద్యార్థులకు మరింత దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 1950ల్లో ఉస్మానియాలో ఖండవల్లి లక్ష్మీరంజనం పర్యవేక్షణలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేశాడు. పండితుల లెక్కలో విసుర్రాతి పాటా, నాట్లపాటా అప్పటికి సాహిత్యమే కాదు. ఆ విషయాన్ని డాక్టరేటుకు తగినదిగా ఒప్పుకోవడంలోనే ఒక గైడు ధైర్యం ఉంది. ఆ తర్వాత రామరాజు దగ్గర ఎందరో పరిశోధనలు చేశారు, తెలుగులో జానపద విజ్ఞానం ఒక శాఖగా నిలబడింది. దీన్ని గురించి విడిగా రాయవలసి ఉంది. ఇక్కడ ప్రస్తావించడం ఎందుకంటే, అంబేద్కర్ ఉదాహరణ చెబితే 'అది అమెరికా, ఇది ఆంధ్ర' అని తప్పుకునేవారు ఉంటారు.

1952 జూన్ 5న కొలంబియా అంబేద్కర్‌కు గౌరవ పట్టా ఇచ్చింది. దానికి నాలుగు రోజుల ముందే డ్యూయీ మరణించాడు. 1953 జనవరి 12న ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పట్టాలు ఇచ్చేవాళ్ళు వరస కట్టే కాలానికి మనిషి ఎప్పుడో ఎదిగిపోయి ఉంటాడు.

తిరిగి ఆ 1923 పుస్తకానికి వద్దాం. కానన్ ముందుమాటతోపాటు అందులో అంబేద్కర్ రాసుకున్న ఉపోద్ఘాతం ఉంది. ఈ రచన కానన్ దగ్గరి పర్యవేక్షణలో సాగిందనీ, ఇందులోని అభిప్రాయాలకు ఆయన ఏ విధంగానూ బాధ్యుడు కాడనీ, సిద్ధాంత చర్చను ఆయన కఠినంగా పరీక్షించడం వల్ల తాను ఎన్నో పొరపాట్ల నుంచి బయటపడ్డాననీ అంబేద్కర్ రాస్తాడు. పాదపద్మాల ప్రసక్తి లేదు. చివరన ఇంకొకరికి కృతజ్ఞత ఉంది. విల్సన్ కళాశాల ఆచార్యుడు వాడియాకు. విసుగు పుట్టించే ప్రూఫులు దిద్దే పనిని ఆయన నవ్వుతూ నెత్తిన వేసుకున్నాడట.